మెమరీకి గీసిన హద్దులు

ఒకే కంప్యూటర్‌ను పలువురు ఏకకాలంలో వాడుకోవడం మొదలైనప్పుడే మెమరీకి హద్దులు అవసరమయ్యాయి. ఎంఐటీలో 1961లో తొలిసారి ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే టైమ్-షేరింగ్ వ్యవస్థ కోసం ఆ తర్వాత ఐబీఎం 7090 యంత్రానికి ప్రత్యేకమైన మార్పులు చేయించారు. అందులో 32,768 పదాల మెమరీ భాగాలు రెండు ఉండేవి: ఒకటి సూపర్‌వైజర్‌ది, రెండోది వాడకందారులది. ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరగొచ్చో 256 పదాల కొలతతో రిజిస్టర్లలో రాసేవారు. అది హద్దు దాటితే పగ్గాలు సూపర్‌వైజర్ చేతికి వచ్చేవి.

ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 మరో దారి పట్టింది. ప్రతి 2,048 బైట్ల ముక్కకూ 4 బిట్ల తాళం, ప్రోగ్రామ్‌కు అదే అంకె తాళంచెవి. తాళంచెవి అంకె సున్నా అయితే అన్ని తాళాలూ తెరుచుకుంటాయి. ఆ తర్వాత సీపీ-40, 1972లో వీఎం/370 వర్చువల్ మెషీన్లను నిలబెట్టాయి. అప్పటినుంచి వాటిని నడిపే హైపర్‌వైజర్లకు అడ్రస్‌లను మార్చే పేజీ టేబుళ్లే ప్రధాన ఆధారం.

అయితే పేజీ టేబుల్‌ను వెతకడానికి పట్టే సమయం ప్రతిసారీ ఒకేలా ఉండదు. కారు బ్రేకులను నడిపే చిప్‌లో ఆ తేడా ప్రమాదకరం. అక్కడ అడ్రస్ మార్పిడి లేకుండా, కొన్ని రిజిస్టర్లతోనే పనిచేసే మెమరీ రక్షణ యూనిట్ (ఎంపీయూ) నిలిచింది. ఆర్మ్ వీ7-ఆర్ ఎంపీయూలో రీజియన్ (హద్దులు గీసిన మెమరీ భాగం) పరిమాణం 2 ఘాతాల్లోనే ఉండాలి, మొదలు ఆ పరిమాణానికి గుణిజం కావాలి. 96 కేబీ కావాలంటే 128 కేబీ తీసుకుని, 8 ఉపభాగాల్లో రెండింటిని ఆపేయాలి. ఇలాంటి కోడ్‌ను చదివి తప్పు పట్టడం కష్టం. 2016లో వచ్చిన కార్టెక్స్-ఆర్52 హైపర్‌వైజర్‌కు విడిగా ఎంపీయూను ఇచ్చి, 64 బైట్ల కొలతతో మొదలు-చివర రాసే పద్ధతిని తెచ్చింది. ఒక విధంగా ఇది సీటీఎస్ఎస్ దారికే తిరిగిరావడం, మంచి మార్పు కూడా.

కానీ కోడ్ రివ్యూ చేసేవారికి ఇక్కడ కొత్త ఉచ్చు ఉంది. సీ కోడ్‌లో చివరి అడ్రస్ అంటే సాధారణంగా రీజియన్ దాటిన తర్వాతి బైట్. హార్డ్‌వేర్ మాత్రం రీజియన్‌లోని ఆఖరి బైట్‌నే చివరగా తీసుకుంటుంది, అడుగు 6 బిట్లనూ ఒకట్లుగా భావిస్తుంది. ఒకటి తీసేయడం మరిచిపోతే రీజియన్ 64 బైట్లు అదనంగా పాకుతుంది. పక్కన వేరే రీజియన్ ఉంటే, ఆ 64 బైట్లను తాకిన క్షణాన ఫాల్ట్ వస్తుంది. పక్కన ఏమీ లేకపోతే మరింత ప్రమాదం: ఏ హెచ్చరికా లేకుండా గెస్ట్‌కు (హైపర్‌వైజర్ కింద నడిచే వ్యవస్థకు) పరాయి మెమరీ అందుతుంది. పరీక్షలన్నీ నెగ్గినా ఈ లోపం దాగి ఉండగలదు.

పాత పద్ధతిలో ఒక రీజియన్‌పై మరొకటి పరిస్తే ఎక్కువ అంకె ఉన్నదే చెల్లేది. కొత్తదానిలో అతివ్యాప్తి అంటేనే ఫాల్ట్. అందువల్ల వాడుకలో ఉన్న రీజియన్‌ను మార్చేటప్పుడు ముందుగా కొత్తదాన్ని పెట్టి తర్వాత పాతదాన్ని తీయడం కుదరదు. ఆపి, మార్చి, ఐఎస్‌బీ వంటి బారియర్‌తో మార్పును ఖాయం చేసి, తిరిగి నడపాలి. ఆ మధ్యలో నడిచే సూచనలు మారుతున్న రీజియన్‌లోనే ఉన్నాయా అన్నది విడిగా చూడాల్సిన సంగతి.