టీకా వేయించే బాధ్యత ఎవరిది?

1968లో ముదుమలై, బందీపూర్ అడవుల్లో ముసర వ్యాధి వచ్చి అడవిదున్నలు ఎన్నో చనిపోయాయి. అది పశువులకు వచ్చే జబ్బే. ఊరి మందా, అడవి మందా ఒకే చోట మేసి, ఒకే మడుగులో నీళ్లు తాగితే జబ్బుకు ఎల్లలేముంటాయి? టీకాలతోనే ఆ జబ్బు 2011 నాటికి ప్రపంచంలో లేకుండా పోయింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో 33ఎ సెక్షన్ చేర్చారు. అందులో రెండు మాటలున్నాయి. అభయారణ్యంలోనూ, దానికి 5 కిలోమీటర్ల లోపలా ఉన్న పశువులకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాట్లు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చేయాలి. టీకా వేయని పశువులను అభయారణ్యంలోకి మేతకు తోలకూడదు. మొదటిది అధికారి బాధ్యత, రెండోది మన బాధ్యత.

2009లో పశువుల అంటురోగాల చట్టం వచ్చింది. జబ్బు ఉన్నచోటును ప్రభుత్వం నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే పశువుల రాకపోకలు ఆగుతాయి. సంతకు తోలడమూ కష్టమే. జబ్బు చేస్తే తెలియజేయడం యజమాని విధి. మనం దాచకూడదు.

మా గూడేల్లో మాత్రం "తోలకండి" అన్న మాటే ముందు వినబడుతుంది. టీకా సూది ఆలస్యంగా వస్తుంది. అందుకే బడిలో ఈ రెండు మాటలూ కలిపి చెబుతున్నాం. యువత గ్రామసభలో టీకాల తేదీ అడగాలి. మన మందను కాపాడుకుంటే అడవి మందనూ కాపాడినట్టే.