మీటలు లేని ఫోను

అనకాపల్లి నుండి మాడుగుల పోవు దారిలో, చెఱకుతోటల నడుమ, స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయము చేతను గోవాడ సహకార చక్కెర కర్మాగారము చేతను పేరువడసిన చోడవరము వంటి తాలూకా పట్టణములలో టెలిఫోను చరిత్ర యనగా చిరకాలము నిరీక్షణ చరిత్రయే. ట్రంకుకాలు బుక్కుచేసి గంటలకొలది కాచుకొనుట, పిదప పసుపుపచ్చని బోర్డుగల ఎస్టీడీ బూతులో పరుగెత్తు మీటరు అంకెలను చూచుచు మాటలను కుదించుకొనుట, అటుపిమ్మట వచ్చు కాలునకు సయితము సొమ్ము కట్టవలసియుండుటచే మ్రోగుచున్న సెల్‌ఫోనును ఎత్తక కోసివేసి బూతుకడకు నడచుట, ఇవన్నియు ఒక్క మనుష్యుని జీవితకాలముననే గడచినవి. 2003 మే నెల మొదట వచ్చు కాలునకు రుసుము తొలగి, ఆ సంవత్సరమే నోకియా 1100 వెలువడిన పిదప గాని సెల్‌ఫోను పొలముగట్టు నెక్కలేదు. దుమ్ము చొరనీయని మీటలును, తలమీద టార్చిలైటును గల ఆ చిన్న ఫోను లోకమంతట 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. రాత్రివేళ తోటకు నీరు కట్టబోవు రైతు దాని దీపమును చూచియే దాని యోగ్యతను నిర్ణయించుకొనగలిగెను.

తెరను తాకి పనిచేయించు ఫోను అప్పటికే పుట్టియుండెను. 1994లో ఐబీఎం సంస్థ అమెరికాలో అమ్మిన సైమన్ అర కిలో బరువు తూగుచు, ఒక్క ఛార్జికి గంటసేపు మాత్రమే మాటలాడనిచ్చి, సుమారు 50,000 అమ్ముడుపోయి మరుగున పడెను. దాని తెర ఒత్తిడికి లొంగునది. పైపొర క్రుంగి క్రిందిపొరను తాకిననే గాని దానికి స్పర్శ తెలియదు. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఆపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ సభకు చూపిన ఐఫోనులో సూత్రము వేరు. మానవుని వ్రేలు విద్యుద్వాహకము కావున, అది అద్దము నంటినంతనే అద్దము క్రింది సన్నని విద్యుత్ క్షేత్రమున కలుగు మార్పును యంత్రము పసికట్టును. నొక్కవలసిన పని లేదు, ఏకకాలమున రెండు వ్రేళ్ళను సయితము గుర్తించును. అందుచే చిత్రమును రెండు వ్రేళ్ళతో విప్పి పెద్దది చేయుట, జాబితాను మీటినచో అది కొంతదూరము తనంత తాను సాగి మెల్లగా నిలుచుట సాధ్యమయ్యెను; వేఱు గ్రాహకముల చేత ఫోనును అడ్డముగ త్రిప్పినచో పుటయు తిరుగుట, చెవికి చేర్చినంతనే తెర ఆరిపోవుట మొదలగు వింతలును చేరెను. మూడున్నర అంగుళముల ఆ తెర క్రింద ఉండినది ఒక్క మీట.

జూన్ 29న అది అమెరికాలో అమ్మకమునకు వచ్చుటకు ముందే నలుగురు పత్రికా విమర్శకులు దానిని పరీక్షించి వ్రాసిరి. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వాల్ట్ మాస్‌బర్గ్ దాని నిర్మాణమును కొనియాడుచునే దానికి ముడిపెట్టిన టెలిఫోను కంపెనీ మందగతిని నిందించెను; న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ పోగ్ లోపములను విప్పిచెప్పుచునే అది ఒక విప్లవమని అంగీకరించెను. లోపములు నిజముగా కలవు: వేగముగల 3జీ లేదు, వ్రాసినదానిని నకలుచేసి వేఱొకచోట అతికించు సౌకర్యము లేదు, వీడియో తీయదు, బ్యాటరీని విప్పరాదు, బయటివారి ప్రోగ్రాములు 2008 జూలై వఱకు లేనే లేవు. ధర 499, 599 డాలర్లు. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ఆ ధరను, మీటల పలక లేమిని ఎత్తిచూపి బహిరంగముగ నవ్వెను. అయినను 74 దినములలో పది లక్షల ఫోనులు చెల్లెను. సెప్టెంబరులో 599 డాలర్ల ఫోను ధర 399కి దిగెను. టైమ్ పత్రిక ఆ యేటి ఉత్తమ ఆవిష్కరణముగా దానినే ఎన్నుకొనెను.

రెండవ ఐఫోను 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వోడాఫోన్ సంస్థల ద్వారా భారతదేశమునకు వచ్చెను. తక్కువ జ్ఞాపకశక్తి గలదాని వెలయే 31,000 రూపాయలు. ఈ మొత్తమును చోడవరపు లెక్కలో చూచుట న్యాయము. ఆ సంవత్సరము చెఱకునకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన కనీస ధర క్వింటాలునకు 81 రూపాయల 18 పైసలు. అనగా ఒక్క ఫోనునకు 38 టన్నుల చెఱకు తోలవలెను. అది సామాన్యముగా ఎకరము తోటలో పండు పంటకు మించినది. నాటుట మొదలు కొట్టించి బండికెత్తువఱకు అయిన ఖర్చు ఇందు చేరలేదు.

ధర యట్లుండగా, పేరులోనే 3జీ గల ఆ ఫోనునకు అప్పటికి దేశమున 3జీ లేకుండెను. ప్రైవేటు కంపెనీలకు ఆ తరంగములు 2010 వేలముపాటలో గాని దక్కలేదు. అమెరికా విమర్శకుల దృష్టికి అంతగా తగులని లోపములు ఇచ్చట కొట్టవచ్చినట్లు కనబడెను. వచ్చిన ఎస్సెమ్మెస్సును ఉన్నదున్నట్లు మఱొకరికి పంపు వీలు లేదు. పండుగనాడు ఒకే శుభాకాంక్ష ఊరూర తిరుగు దేశమున ఇది చిన్న కొఱత కాదు. బ్లూటూతు ద్వారా పాట నిచ్చిపుచ్చుకొనలేము. ఎఫ్ఎం రేడియో లేదు. మెమరీకార్డు పట్టదు, సెల్‌పాయింటులో నాలుగు రూపాయలిచ్చి కొత్త సినిమా పాటలన్నియు కార్డులో ఎక్కించుకొనెడి ఆనాటి యువకునకు అదెట్లు రుచించును? ఇక వ్రేలిని విద్యుద్వాహకముగా నమ్ముకొనిన ఆ తెర, కత్తి పట్టి కాయలుగాచిన వ్రేళ్ళను ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. బెల్లపు పెనము కడ పాకము తడి యంటిన చేతిని తప్పుగా గుర్తించును. గోటితో గీచినను పలుకు పాత ఒత్తిడి తెరయే అట్టి చేతులకు మేలు.

ఇన్నియు ఒప్పుకొనుచునే, బామర్ దోషముగా ఎత్తిచూపిన మీటల లేమియే తెలుగువానికి దానియందలి పరమగుణమని నా దృఢాభిప్రాయము. పండ్రెండు మీటల ఫోనులో చెఱకు అను మాటను రోమను అక్షరములలో వ్రాయవలెనన్నను పదునైదు మారులు నొక్కవలెను: రెండవ అంకెను మూడుమారులు, నాలుగవదానిని రెండుమారులు, మూడవదానిని రెండుమారులు, ఇట్లు తుదివఱకు. ఇరువదియాఱు అక్షరముల లిపికే ఇంత శ్రమ యైనప్పుడు, అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు గల మన లిపిని ఆ పండ్రెండు గళ్ళలో ఇమిడ్చినవారి పాట్లు చెప్పనేల? మీట కర్మాగారమున పోతపోసినది. దానిపై అచ్చైన అక్షరము మాఱదు. అద్దము మీది మీట చిత్రము మాత్రమే. నేడు ఇంగ్లీషు, రేపు తెలుగు, ఎల్లుండి ఒరియా దానిపై నిలువవచ్చును. కొరాపుట్టు సంతకు పోవు వర్తకుడును, చోడవరము సంతకు వచ్చు వర్తకుడును ఒకే ఫోనులో తమ తమ లిపులను వెదకుకొను వీలు ఆ బోడి అద్దమే కల్పించినది.

ఆ వీలు వెంటనే ఫలింపలేదు. తొలి ఐఫోనులో తెలుగు మీటల పలక లేదు. 2010లో నోకియా 5233 వంటి చౌక టచ్ ఫోనులు, పిమ్మట చిన్న ఆండ్రాయిడ్ ఫోనులు సామాన్యుని చేతికి వచ్చినను, వానిలో తెలుగు వార్త తెఱచినచో అక్షరములకు మాఱు ఖాళీ గళ్ళు వరుసగా కనబడెడివి. అప్పుడు పిల్లలు ఒకరికొకరు నేర్పుకొనిన ఉపాయ మొకటి కలదు: ఒపేరా మినీ బ్రౌజరులో అడ్రసు వ్రాయు చోట దాని రహస్యపు సెట్టింగుల పేరు కొట్టి, క్లిష్టలిపులను బొమ్మలుగా చూపుమను వరుసకు ఎదురుగా ‘ఎస్’ అని మార్చుట. అంతట ఎచటనో దూరముననున్న సర్వరు తెలుగును బొమ్మగా గీసి పంపెడిది. ఫోనునకు చదువు రాకపోయినను యజమాని చదువుకొనెడివాడు. 2012లో వెలువడిన ఆండ్రాయిడ్ జెల్లీబీన్‌తో తెలుగు లిపిని సరిగా కూర్చి చూపుట ఆండ్రాయిడ్ ఫోనులకే అలవడెను. 2015లో గూగుల్ వెలువరించిన చేవ్రాత సాధనముతో వ్రేలితో ‘అ’ దిద్దినచో అక్షరము పడజొచ్చెను. కొత్త అద్దము పాత పలక యయ్యెను.

ఐనను మన లిపి సూత్రములను ఆ యంత్రములు పూర్తిగా నేర్చినవని చెప్పజాలము. 2018 ఫిబ్రవరిలో, జకారము క్రింద ఞకారపు ఒత్తు, దానికి దీర్ఘము, నడుమ కంటికి కానరాని ఒక సంకేతము గల తెలుగు అక్షరమొకటి సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశము తెఱచిన అప్లికేషను కుప్పకూలెను. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 అను సవరణ ప్రతిని విడుదల చేసి ఆ దోషమును తొలగించెను.