పొగబండిలో మెట్లు (మా సీమ పట్టాల కథ – 4వ భాగం)

పండితులు దానికి ధూమశకటం అని పేరు పెట్టారు. జనం పొగబండి అన్నారు. చివరికి నిలబడింది జనం పెట్టిన పేరే. కానీ ఆ పొగ పుట్టించిన చేతులెవరివో చెప్పే మాట మాత్రం మన చరిత్ర పుస్తకాల్లో చోటు సంపాదించలేదు. ఈ భాగంలో ఇంజను గురించి మాట్లాడుకుందాం మిత్రులారా. అది నడిచిన తీరు తెలిస్తేనే దాన్ని నడిపించినవాళ్ళు కనబడతారు.

మా రుద్రవరం నుంచి నల్లమల అంచు పట్టుకుని ఉత్తరానికి పోతే మహానంది దగ్గర గాజులపల్లె స్టేషన్ వస్తుంది. అక్కడ పట్టాలు అడవిలోకి దూరి చెలమ, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు చేరతాయి. 1876–78 ధాత కరువు సీమను ఊడ్చేసింది. కరువు నేలకు గింజలు చేర్చాలంటే రైళ్ళు కావాలని తర్వాత వచ్చిన కరువు కమిషన్ చెప్పింది. ఆ దశాబ్దంలోనే గుంతకల్లు నుంచి కృష్ణ ఒడ్డుకు మీటర్ గేజి లైను పడింది. లోయ మీద దొరబావి వంతెన 1887లో పూర్తయింది. 1990లలో బ్రాడ్ గేజి వచ్చాక ఆ వంతెన మీద రైలు ఆగిపోయింది.

మీటర్ గేజి అంటే రెండు పట్టాల మధ్య సరిగ్గా మీటరు దూరం. బ్రాడ్ గేజిలో అది 1676 మిల్లీమీటర్లు. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతా మీటర్ గేజి మీద సరుకు లాగిన ఆవిరి ఇంజను వైజీ. ముందు 2 చిన్న చక్రాలు, మధ్యలో 8 పెద్ద చక్రాలు, వెనక మళ్ళీ 2. ప్రయాణికుల బండి లాగే వైపీకి మధ్యలో 6 చక్రాలే, కానీ అవి ఇంకాస్త పెద్దవి. పెద్ద చక్రం వేగం ఇస్తుంది. చిన్న చక్రాలు ఎక్కువైతే పట్టు, లాగే బలం పెరుగుతాయి. ఎక్కుడులో చక్రం జారకుండా పట్టా మీద ఇసుక పోసే ఏర్పాటు కూడా ఉంటుంది.

వెనకున్న ఆ 2 చిన్న చక్రాలు ఎందుకు? వాటి మీద వెడల్పాటి పొయ్యి కూర్చుంటుంది. పొయ్యి ఎంత వెడల్పయితే అంత బొగ్గు కాలుతుంది. పొయ్యి వేడి గొట్టాల గుండా బాయిలర్ నీళ్ళలోకి పోతుంది. పుట్టిన ఆవిరి సిలిండర్లలో పిస్టన్‌ను ముందుకీ వెనక్కీ తోస్తుంది. పని చేసి అలసిన ఆవిరి పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతూ, తనతో పాటు పొయ్యిలోకి గాలిని లాగుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ఊపిర్లు. మనం విన్న ఛుక్ ఛుక్ అదే. బండి బరువెక్కేకొద్దీ మంట తనంతట తానే పెరిగే గొప్ప ఉపాయం ఇది.

అయితే బొగ్గు తనంతట తాను పొయ్యిలో పడదు. ఫైర్‌మన్ పారతో వెయ్యాలి. బూడిద ఎవరో లాగాలి. పట్టా కింద కంకర ఎవరో సర్దాలి. డ్రాయింగులో బాయిలర్ ఒత్తిడి, ఇరుసు బరువు అంకెల్లో ఉంటాయి. ఒక్కో ఇరుసు పట్టా మీద పదిన్నర టన్నుల దాకా మోపుతుంది. ఆ బరువు రోజూ దెబ్బ కొట్టే పట్టాను రోజూ సరిచేసే గ్యాంగ్‌మన్ మాత్రం డ్రాయింగులో లేడు. అతను లేకుండా ఆ డిజైన్ ఒక్క మైలు కూడా నడవదు.

ఇక్కడే కులం మెట్లు కట్టింది. తొలినాళ్ళలో డ్రైవరు స్థానం ఎక్కువగా తెల్లవాళ్ళది, ఆంగ్లో ఇండియన్లది. అట్టడుగున ఎండలో పట్టా మీద మనవాళ్ళు. ఇది నా ఊహ కాదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పిందే ఇది. మనవాడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగిసిపోతాడని, కీమన్ కావడం కూడా అరుదని అన్నారు. పోర్టరు పని ఎందుకివ్వరో కూడా విప్పి చెప్పారు. స్టేషన్ మాస్టరు పోర్టరుతో ఇంటి చాకిరీ చేయించుకుంటాడు. అంటరానివాడు ఆ ఇంట్లోకి ఎట్లా వస్తాడు? రైల్వే ఉద్యోగానికి అర్హత ఒక సవర్ణుడి వంటింటి గడప దగ్గర తేలిందన్నమాట! బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం కార్మికుడికి ఇద్దరు శత్రువులని ఆయన చెప్పింది కూడా ఆ సభలోనే.

యంత్రం వస్తే కులం పోతుందని నమ్మినవాళ్ళు చాలామంది. యంత్రం వచ్చింది, కులం దాని మీదికి ఎక్కి కూర్చుంది. 1972లో చిత్తరంజన్‌లో చివరి వైజీ తయారైంది. ఆవిరి పోయింది, డీజిల్ వచ్చింది, కరెంటు వచ్చింది. గ్యాంగ్‌మన్ ఇప్పుడు కాగితం మీద ట్రాక్ మెయింటెయినర్. పేరు మారింది. వెనక నుంచి వచ్చే బండి ప్రమాదం మారలేదు.

పాత ఇంజన్లకు రంగులేసి మ్యూజియంలలో నిలబెట్టారు. మంచిదే. వాటి పక్కన ఒక పార, ఒక సుత్తె, వాటిని పట్టిన మనిషి పేరు కూడా ఉండాలి. మీ ఇంట్లో పట్టా మీద పనిచేసిన తాతో, పెదనాయనో ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఏ సెక్షన్, ఎంత జీతం, నీళ్ళు ఎక్కడ తాగనిచ్చారు, ఎవరు బండి కింద పడ్డారు, అన్నీ రాసి పెట్టండి. ఇంజను చరిత్ర రైల్వే రాసుకుంది. పట్టా చరిత్ర మనమే రాసుకోవాలి.

జై భీమ్.