వాసాలు లెక్కపెట్టిన కథ: లేజరు కోసిన చెక్క స్టేషను



తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అన్న సామెతను ఏడవ తరగతిలో చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "వాసం అంటే వాసనా సార్?" అని అడిగినది. తరగతి అంతా నవ్వినది గాని, నవ్విన వారిలో ఒక్కరికీ అర్థం తెలియదు. తప్పు వారిది కాదు. షోలాపూరులో మగ్గాల గదుల మీద రేకులు, మేడల మీద కాంక్రీటు కప్పు చూచి పెరిగిన పిల్లలకు దూలము, వాసము, చూరు ఎక్కడ కనబడతాయి? నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపినాను. ఫలితం లేకపోయినది. కొన్ని నెలల తరువాత ఆ పని ఒక అట్టపెట్టె చేసిపెట్టినది. ఒక విద్యార్థి మేనమామ అమెరికా నుండి తెచ్చిన ఆ పెట్టెలో నమూనా రైలుమార్గం పక్కన నిలిపే చిన్న చెక్క స్టేషను, లేజరు కిరణంతో కోసిన ముక్కల రూపంలో ఉన్నది. దాని వెనుక ఉన్న చరిత్ర ఒకచోట మన ప్రాంతాన్నే తాకుతున్నది గనుక ఈ వ్యాసం.

బొమ్మ రైలు పెద్దల విద్యగా మారడానికి కొంత కాలం పట్టినది. 1891లో జర్మనీ దేశపు మార్క్‌లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో తాళంచెవితో నడిచే రైలును పట్టాలతో సహా ప్రదర్శించినది. పట్టాల వెడల్పులకు క్రమసంఖ్యలు ఇచ్చి, తరువాత కొన్న పెట్టెలు కూడా దానితో కలిసేటట్లు చేయడం అందులోని తెలివి. అమెరికాలో 1934లో 'మోడల్ రైల్‌రోడర్' పత్రిక మొదలైనది. మరుసటి ఏడాది నమూనా రైళ్ల ఔత్సాహికుల జాతీయ సంఘం ఏర్పడినది. సామాన్యుల ఇళ్లలో ఎక్కువగా నిలిచిన కొలత హెచ్.ఓ. అనునది. అందులో ప్రతి వస్తువూ అసలుదానిలో 87వ వంతు. మనిషి రెండు సెంటీమీటర్లు ఉంటాడు.

ఇంజనును, పెట్టెలను కొనుక్కోవచ్చును. కాని రైలు ఎక్కడికి పోవాలి? స్టేషను, గోదాము, నీళ్ల తొట్టి, రంపపు మిల్లు కావాలి. వీటిని తొలి తరం వారు సన్నని కర్రపుల్లలతో తామే కొలిచి, కోసి కట్టుకొన్నారు. ఆ శ్రమలో సగం తగ్గించేందుకు వచ్చినవే పనివాని కిట్లు. మసాచుసెట్స్ రాష్ట్రంలో జార్జి సెల్లియోస్ 1967లో స్థాపించిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ వీటిలో పేరెన్నికగన్నది. పెట్టె తెరిస్తే కర్రపుల్లల కట్టలు, నిజ పరిమాణపు గీతచిత్రాలు, తగరం వంటి మెత్తని లోహంలో పోసిన పొగగొట్టాలు, పీపాలు, ఒక సూచనల పుస్తకం. మిగిలినదంతా బద్ద, బ్లేడు, ఓర్పు. ఒకే పొడవు గల ఇరవై పుల్లలు కోయవలసివచ్చినప్పుడు పదవదాని దగ్గర చేయి వంకర పోవడం సహజం. సగం కట్టి అటకెక్కించిన పెట్టెలు ఎన్నో ఉండి ఉంటాయి! మరొకవైపు ప్లాస్టిక్ కిట్లు వచ్చినవి, అవి సులభమే. అయితే అందరి ఊళ్లలోనూ ఒకే స్టేషను.

ఈ చిక్కును విప్పిన పరికరం బొమ్మల కోసం పుట్టినది కాదు. మొదటి లేజరును 1960లో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో చేసినాడు. నాలుగేళ్ల తరువాత, 1964లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కార్బన్ డయాక్సైడ్ లేజరును కనిపెట్టినవారు చంద్రకుమార్ పటేల్. ఆయన 1938లో జన్మించినది బారామతిలో. షోలాపూరు నుండి పుణె పోయే రైలులో దౌండు దగ్గర దిగి, శాఖా మార్గం పట్టుకొంటే వచ్చే ఊరు అది! పుణె ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన ముగించి బెల్ ప్రయోగశాలలలో చేరినప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్లు. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో కలిగిన సందడి ఇంకా నా చెవులలో ఉన్నది.

ఆ లేజరు వెలువరించే కిరణం కంటికి కనబడదు. దాని తరంగదైర్ఘ్యం సుమారు 10.6 మైక్రాన్లు. చెక్క, కాగితం, తోలు ఆ కిరణాన్ని చక్కగా పీల్చుకొంటాయి. కటకంతో ఒక బిందువు మీదికి కూర్చితే, ఆ బిందువు వద్ద చెక్క ఆవిరై పోతుంది. 1967లో బ్రిటనులో దానికి ఆమ్లజని ధారను తోడు చేసి ఉక్కు రేకును కోసినారు. ఆపై అట్టపెట్టెలను కత్తిరించే అచ్చుల కోసం ప్లైవుడ్ పలకలలో సన్నని గాళ్లు కోయడానికి వాడినారు. యంత్రాల ధర తగ్గి, కంప్యూటరు గీసిన గీత వెంటనే కిరణం నడవగలిగిన తరువాత, 1990ల నుండి అమెరికాలోని చిన్న చిన్న సంస్థలు ఈ పద్ధతిలో చెక్క కిట్లు చేయసాగినవి. కోత వెడల్పు మిల్లీమీటరులో ఐదవ వంతుకు మించదు. కిటికీ చట్రంలోని అడ్డకమ్మీ కూడా చెక్కలోనే వస్తుంది. గోడలకు నాలుకలు, గాళ్లు ఉండి ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి.

లేజరు వచ్చి చేతిపనిని చంపినదని పాతకాపులు కొందరు అంటారు. అందులో సగమే నిజమని నా అభిప్రాయం. కొలత, కోత చేతినుండి పోయినవి; అది నష్టమే. రంగు మాత్రం పూర్తిగా చేతిలోనే మిగిలినది. పైగా లేజరు దానిని మరికొంత కష్టం చేసినది. కోసిన అంచులన్నీ మాడి గోధుమవన్నెకు తిరుగుతాయి. వాటిని మెత్తగా రుద్దకపోతే లేతరంగు కింద నుండి మసి తొంగిచూస్తుంది. ముక్కలను పలకనుండి విడదీయకముందే రంగు వేయడం మేలు. కర్రరంగు పూయదలచినచో జిగురుకంటె ముందే పూయాలి. జిగురు అంటినచోట చెక్క రంగు పీల్చదు. ఈ కిట్లకు ఎక్కువగా వాడేది బాస్‌వుడ్ అనే మెత్తని చెక్క. దాని చారలు కంటికి ఆననంత సన్నవి. మన టేకులో మిల్లీమీటరు వెడల్పు గల చార ఈ కొలతలో దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల పట్టెగా కనబడి గోడను పాడుచేస్తుంది.

మా పిల్లలు సూచనలలో ఒక వాక్యం దాటవేసినారు. గోడలకు బయటివైపు మాత్రమే నీటిరంగు వేసి ఇళ్లకు పోయినారు. మరునాడు చూస్తే నాలుగు గోడలూ వేయించిన అప్పడాలవలె వంగి ఉన్నవి. ఒకవైపు తడిసిన చెక్క ఆవైపు సాగి, ఆరేటప్పుడు తిరిగి ముడుచుకొని వంపు తిరుగుతుంది. రెండవవైపు తడిచేసి, పూత వేసి, నిఘంటువుల కింద రెండు రోజులు అదిమి ఉంచితే దారికి వచ్చినవి. శబ్దరత్నాకరం బరువు ఆ విధంగా కూడా పనికివచ్చినది. అప్పుడు వారికి కొండపల్లి బొమ్మల సంగతి చెప్పినాను. అక్కడి పనివారు పొనికి కర్రను ముందు సన్నని సెగమీద కాచి తేమ పోగొడతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడుస్తారు. సున్నపు పూత వేసిన తరువాతనే రంగు జోలికి పోతారు. ఆరని చెక్క మీద, మూయని చెక్క మీద రంగు నిలవదన్న సంగతి వారికి ఏ సూచనల పుస్తకమూ చెప్పలేదు.

కట్టడం మూడు వారాలు పట్టినది. సూచనలు ఇంగ్లీషులో ఉన్నవి. ప్రతి ముక్కకూ తెలుగు పేరు దొరికిన తరువాతనే అతికించాలని నియమం పెట్టినాను. గడప, ద్వారబంధం, కమ్మీ వరకు నాకు వచ్చును. ఆపైన ఒక విద్యార్థి అమ్మమ్మ దిక్కైనది. ఆమె పుట్టింటి పెంకుటిల్లు పాలమూరు జిల్లాలో ఉండేదట. దూలమేది, వాసమేది, నిట్టాడు ఎక్కడ నిలుపుతారు, చూరు నీళ్లు ఎటు పడాలి అన్నది ముక్కలు పట్టుకొని ఒక్కొక్కటే చెప్పినది. పిల్లలు చీటీలు రాసి అతికించినారు. ఇక తరువాత ఏమి కట్టాలన్నది వారి ప్రశ్న. మా జిల్లాలోనే 1897లో మొదలైన బార్శీ లైట్ రైల్వే ఉండేది. దాని పట్టాల మధ్య రెండున్నర అడుగులు. 87వ వంతుకు తగ్గిస్తే తొమ్మిది మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. మరింత చిన్న కొలతవారి కోసం బజారులో అమ్మే తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు దానికి సరిపోతాయి. ఆ మార్గం తరువాత బ్రాడ్‌గేజిగా మారినది. బార్శీ స్టేషనుకు ఎవరూ కిట్టు చేయలేదు కాబట్టి పాత ఫొటోలు వెదకడం మొదలుపెట్టినాము.

కప్పు మూయడానికి ముందు, వాసన అని అడిగిన అమ్మాయే వాసాలు లెక్కపెట్టినది. పద్దెనిమిది ఉండాలి, పదిహేడే వచ్చినవి. బల్లల కింద ఎంత వెదకినా ఒకటి దొరకలేదు. చివరకు అగ్గిపుల్లను కొలిచి, చెక్కి, మిగిలినవాటి పక్కన అతికించినారు. దాని అంచు ఒక్కటే మాడలేదు.