ఏడ్చేవాళ్లు లేని ఇంజిన్

2018 డిసెంబర్ 6న మైక్రోసాఫ్ట్ ఒక మాట చెప్పింది. ఎడ్జ్ బ్రౌజర్ పేరు అలాగే ఉంటుంది, లోపల నడిపించే ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ ఇంజిన్ మాత్రం ఇక ఉండదు. దాని చోట గూగుల్ పెంచిన క్రోమియం వస్తుంది. నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ ఆ కబురు పట్టించుకున్నవాళ్లు బహుశా లేరు. తెలుగు పేజీని తెర మీద పేర్చగల పెద్ద ఇంజిన్లు అప్పటికి నాలుగే. వాటిలో ఒకటి ఆ రోజుతో పోయినట్టే.

దానిది గొప్ప వంశం. 1995లో పుట్టిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాని పూర్వీకుడు. విండోస్‌తో పాటే ఇంటింటికీ వచ్చి, పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను పడగొట్టింది అదే. 2003 ప్రాంతంలో ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా వెబ్‌ను దానిలోంచే చూశారు. నెట్ సెంటర్‌లో ఎంసెట్ ర్యాంకు వెతుక్కున్న పిల్లవాడు, డిజిటల్ సంతకంతో టెండర్ వేయబోయిన కాంట్రాక్టరు, ఇద్దరూ నొక్కింది ఆ నీలం ‘ఈ’ గుర్తునే. మన పత్రికలు తలా ఒక సొంత ఫాంటు తయారుచేసుకుని, ఎక్కువగా ఆ బ్రౌజర్‌కే సరిపోయేలా పేజీలు కట్టేవి. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే అర్థంకాని గీతలే కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ గీతల్ని యూనికోడ్ తెలుగుగా మార్చడానికి ‘పద్మ’ అనే పొడిగింపును ఎవరో పూనుకుని రాయాల్సి వచ్చింది. నేను ఆ పనిని భాషాసేవ అనే అంటాను.

గెలిచినవాడు నిద్రపోయాడు. ఆరో వెర్షన్ 2001లో వస్తే ఏడోది 2006లో గానీ రాలేదు. ఈలోగా 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది, 2008లో క్రోమ్ వచ్చింది.

సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. పుట్టింది హైదరాబాద్‌లో, పూర్వీకుల ఊరు అనంతపురం జిల్లా బుక్కాపురం, అంటే మన రాయలసీమే. ఆయన హయాంలో, 2015 జూలై 29న విండోస్ 10తో కలిసి ఎడ్జ్ బయటికొచ్చింది. ఎక్స్‌ప్లోరర్ పాత ఇంజిన్‌లోంచి 2,20,000కు పైగా కోడ్ వరుసలు తీసిపారేశారు. ఇరవై ఏళ్ల మురికిని కడిగి, ప్రమాణాలకు కట్టుబడి నడవాలని నిజాయితీగా ప్రయత్నించారు.

అయినా సరిపోలేదు. ఆళ్లగడ్డ శిల్పి కొలతలు చూసుకుని విగ్రహం చెక్కుతాడు. ఉలి పట్టాక ఆరువారాలకోసారి ఆ కొలతలు మారిపోతుంటే, పైగా పక్క శిల్పి చేసిన పొరపాటునే జనం సరైన రూపమని అలవాటు పడిపోతే, ఏం చేస్తాడు? కొత్త ఇంజిన్ కట్టేవాడి కష్టం అదే. నియమాలు వేల పేజీలు. అవన్నీ పాటించినా చాలదు, క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేసిన సైట్లన్నీ ఇందులోనూ అచ్చం అలాగే కనబడాలి. సైట్లు తనను గుమ్మం దగ్గరే ఆపేయకుండా ఎడ్జ్ ముందు క్రోమ్ పేరూ సఫారీ పేరూ చెప్పుకుని, తన పేరు చిట్టచివర చెప్పుకునేది. అది తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

అక్షరాలు పేర్చడం కూడా తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ తరహా కూర్పు ఒకటి, మధ్యలో కనబడని ఒక గుర్తుతో వస్తే, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వెంటనే 11.2.6 వెర్షన్‌తో సరిదిద్దింది. అంతటి సంస్థే మన వత్తు దగ్గర తడబడింది.

అసలు దెబ్బ ఫోన్ కొట్టింది. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ విండోస్ దాటి ఎక్కడికీ పోలేకపోయింది, విండోస్ ఫోన్లేమో అంతరించాయి. 2016లో జియో వచ్చాక కర్నూలు-కడప రోడ్డు పొడవునా జనం నెట్‌లోకి అడుగుపెట్టింది ఆండ్రాయిడ్ ఫోన్‌తో, అందులో ముందే ఉన్న క్రోమ్‌తో. 2017లో మైక్రోసాఫ్ట్ ఆండ్రాయిడ్‌కు ఎడ్జ్ తెచ్చినా లోపల పెట్టింది క్రోమియం ఇంజిన్‌నే. ఓటమి అప్పుడే ఖాయమైంది. వ్యాపారిగా నాదెళ్ల నిర్ణయాన్ని తప్పుపట్టలేను. కానీ అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉన్న సంస్థ కూడా మోయలేనని దించేసిన బరువు అది.

2020 జనవరి 15న క్రోమియం ఎడ్జ్ వచ్చింది. 2021 మార్చి 9తో పాతదానికి మద్దతు ఆగిపోయింది. 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కన్నుమూసినప్పుడు దక్షిణ కొరియాలో ఒక ఇంజినీరు దానికి సమాధిరాయి వేయించాడు. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్‌కు ఆ మాత్రం కూడా దక్కలేదు.

మైక్రోసాఫ్ట్ ఒక్కటే కాదు, ఒపెరా కూడా తన సొంత ప్రెస్టో ఇంజిన్‌ను 2013లోనే వదులుకుంది. సర్వో ఇంజిన్ మీద పనిచేసే బృందాన్ని మొజిల్లా 2020 ఆగస్టులో పంపించేసింది. భారత ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో గెలిచిన జోహో వారి ఉలా కూడా క్రోమియం పునాది మీద నిలబడ్డదే. పునాదితో సహా కొత్తగా కట్టాలని చూస్తున్నది లేడీబర్డ్ అనే బ్రౌజర్. 2024లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి విరాళాలతో నడుస్తోంది, 2026లో తొలి ఆల్ఫా ఇస్తామంది. కోడ్ అందరికీ తెరిచే ఉంది. అందులో మన వత్తులూ గుణింతాలూ సరిగా పడుతున్నాయో లేదో నంద్యాల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఇప్పుడే చూసి చెప్పవచ్చు.