ద్వినామ పద్ధతి: జీవుల పేర్లకూ వర్గీకరణకూ పడిన ముడి

జీవులను వర్గాలుగా విడదీయడం ఒక పని, ఒక్కొక్కదానికి పేరు పెట్టడం మరొక పని. మొదటిది శాస్త్రజ్ఞుల అభిప్రాయం కనుక కొత్త ఆధారం దొరికినప్పుడల్లా మారక తప్పదు. రెండోది అందరి వాడుక కోసం ఏర్పరచుకున్న గుర్తు కనుక ఎంత నిలకడగా ఉంటే అంత మేలు. స్వభావంలో ఇంత తేడా ఉన్న ఈ రెండింటినీ 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కలిపి ముడివేశాడు. ఆధునిక వర్గీకరణ శాస్త్రం సాధించిన ఘనతకూ, అది నేటికీ పడుతున్న చిక్కులకూ చాలావరకు ఆ ముడే కారణం.

అరిస్టాటిల్ జంతువులను రక్తం ఉన్నవి, లేనివి అని విభజించగా, ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ మొక్కలను చెట్లు, పొదలు, గుల్మాలుగా చూశాడు. ఈ చట్రం శతాబ్దాల పాటు సరిపోయింది కాని, సముద్రయానాల వల్ల కొత్త ఖండాల మొక్కలు యూరప్‌కు చేరడం మొదలయ్యాక చాలలేదు. 1623లో స్విట్జర్లాండ్‌కు చెందిన గాస్పార్ బౌహిన్ సుమారు 6,000 మొక్కల పేర్లను ఒకచోట చేర్చాడు. 1686లో ఇంగ్లండ్‌లో జాన్ రే, ఒకే మొక్క విత్తనాల నుంచి పుట్టినవి చూపుకు ఎంత వేరుగా ఉన్నా ఒకే జాతి అని నిర్వచించి, జాతి అన్న భావనకు గట్టి పునాది వేశాడు. అప్పటికి పేరంటే వర్ణనే. టమాటాను పేర్కొనాలంటే ‘ముళ్లు లేని లేత కాండం, తెగినట్లుండే ఈక వంటి ఆకులు, కొమ్మలు వేయని పూగుత్తులు గల సొలానమ్’ అన్న అర్థం వచ్చే లాటిన్ పదబంధమంతా రాయవలసి వచ్చేది. దాన్ని పోలిన కొత్త మొక్క దొరికితే, తేడా తెలియడానికి ఆ పదబంధాన్ని ఇంకా పొడిగించవలసి వచ్చేది.

1753లో వెలువడిన మొక్కల గ్రంథంలో లిన్నేయస్ ఆ పొడవాటి వర్ణననే అసలు పేరుగా ఉంచి, పక్కన మార్జిన్‌లో జ్ఞాపకానికి అనువుగా ఒక్క మాట చేర్చాడు. ప్రజాతి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల సమూహం పేరు ముందు, ఈ మాట వెనుక పెడితే టమాటా ‘సొలానమ్ లైకోపెర్సికమ్’ అయింది. ఆయన దృష్టిలో ఇది సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు మాత్రమే. శాస్త్రలోకం మాత్రం వర్ణనను వదిలేసి మార్జిన్‌లోని మాటను పట్టుకుంది. 1758లో జంతువులకూ ఇదే పద్ధతి వర్తించింది. మొదటి మాట ప్రజాతిని తెలుపుతుంది కనుక, పేరు పలకడమే వర్గీకరణను ఒప్పుకోవడం అయింది. అందుకే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ మిల్లర్ టమాటాను విడి ప్రజాతిగా భావించడంతో 1768లో దాని పేరు ‘లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్’గా మారింది; రెండు శతాబ్దాల తరువాత, 1990లలో డీఎన్ఏ పరిశీలన దాన్ని బంగాళాదుంపకు దగ్గరి చుట్టమని చూపడంతో, వంకాయ కూడా ఉన్న సొలానమ్ ప్రజాతికే తిరిగి చేరింది.

ఈ పద్ధతి తెలుగు తీరానికి త్వరగానే వచ్చింది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించగా, వాటిలో 300 చిత్రాలు 1795 నుంచి 1820 వరకు లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లను కూడా ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ శ్రద్ధ లేకపోతే నాటి గ్రామీణుల వృక్షజ్ఞానంలో ఎంతో భాగం అక్షరాలకు ఎక్కకుండానే పోయేది. పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్, వీపు మీద నల్లటి అంచుల మచ్చలు వరుసలు తీరిన ఒక విషసర్పాన్ని 1796 నాటి తన గ్రంథంలో ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే వర్ణించాడు. రక్తపింజరగా తెలిసిన ఆ పాముకు 1797లో జార్జి షా ‘కొలూబర్ రస్సెలై’ అని పేరు పెట్టాడు. తరువాతి పరిశోధకులు దాన్ని వైపెరా ప్రజాతికీ, అక్కడి నుంచి డబోయాకూ మార్చారు. ఎన్ని ఇళ్లు మారినా ‘రస్సెలై’ అన్న రెండో మాట మాత్రం వెంటే ఉంది.

ఆ నిలకడ నియమాల వల్ల వచ్చింది. 1842లో జంతుశాస్త్రానికి హ్యూ స్ట్రిక్‌లండ్ ఆధ్వర్యంలో, 1867లో వృక్షశాస్త్రానికి అల్ఫాన్స్ ద కండోల్ ఆధ్వర్యంలో రూపొందిన నియమావళులకు ప్రాణం ప్రథమత్వ సూత్రం: ఒకే జీవికి అనేక పేర్లుంటే ముందు ప్రచురితమైనదే చెల్లుతుంది. తరువాతి కాలంలో, ప్రతి పేరునూ భద్రపరచిన ఒక మూల నమూనాకు కట్టివేయాలన్న నియమం కూడా స్థిరపడింది.

వర్గీకరణ మాత్రం ఆగలేదు. 1859లో డార్విన్, సహజమైన వర్గీకరణ అంటే వంశక్రమమేనని వాదించాడు. జర్మన్ కీటకశాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో ఆ వాదానికి పద్ధతిని సమకూర్చి, ఒకే పూర్వజీవి నుంచి వచ్చిన సంతతి అంతా ఒకే వర్గంలో ఉండాలని పట్టుబట్టాడు. ఆ లెక్కన మొసలికి బల్లి కంటే పక్షే దగ్గరి బంధువు కనుక, పక్షులను వదిలేసిన సరీసృపాల వర్గం నిలవదు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్ఎన్ఏను పోల్చి, బాక్టీరియా వంటివే అనుకున్న కొన్ని సూక్ష్మజీవులు నిజానికి వేరే శాఖ అని చూపారు.

అణుస్థాయి ఆధారాలు అకేసియా ప్రజాతి నిజానికి అనేక శాఖల కలగలుపు అని తేల్చినప్పుడు పేరుకూ వర్గానికీ ఉన్న ముడి బిగుసుకుంది. నియమం ప్రకారం ఆ పేరు మూల నమూనా జాతి అయిన నల్లతుమ్మ పక్షానికే దక్కాలి. అయితే ఆస్ట్రేలియాలో సుమారు వెయ్యి జాతుల పేర్లు మార్చవలసి వస్తుందని, 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ మూల నమూనానే మార్చి, ఆ పేరును ఆస్ట్రేలియా చెట్లకు ఇచ్చింది. ఆఫ్రికా శాస్త్రజ్ఞులు తీవ్రంగా అభ్యంతరపెట్టినా 2011లో మెల్‌బోర్న్ సభలోనూ ఆ నిర్ణయమే నిలిచింది. అందువల్ల ఆంధ్ర, తెలంగాణ చేలగట్ల మీద పెరిగే నల్లతుమ్మ ఇప్పుడు ‘వాచెలియా నిలోటికా’. సంఖ్యాబలం చూసి సూత్రాన్ని సడలించిన ఈ తీర్పు సౌకర్యమే తప్ప న్యాయం అనిపించదు.

2024లో మాడ్రిడ్ మహాసభ మరో రకమైన సడలింపు చేసింది. ఆఫ్రికా నల్లజాతీయులను కించపరిచే ‘కఫ్రా’ అన్న మాట ఉన్న రెండు వందలకు పైగా పేర్లను ‘అఫ్రా’గా సవరించాలని నిర్ణయించింది. జంతువుల పేర్లను పర్యవేక్షించే అంతర్జాతీయ కమిషన్ అంతకు ఏడాది ముందే, ఇటువంటి కారణాలతో పేర్లు మార్చబోమని ప్రకటించి ఉంది.