నిజాము రాష్ట్రపు తపాలా బిళ్ళలు

ఒక్కొక్క సంస్థానము తన తపాలా బిళ్ళలను తానే అచ్చొత్తించుకొనుట చరిత్రలో వింత కాదు. జర్మనీ ఏకము కాకపూర్వము అందలి రాజ్యములనేకము ఇట్లే చేసినవి. బవేరియా 1849లో తన మొదటి బిళ్ళను వెలువరించినది; 1871లో జర్మను సామ్రాజ్యమున చేరియు 1920 వరకు తన తపాలా బిళ్ళలను విడువలేదు. తొలి దినములలో అచట ప్రతి తపాలా కార్యాలయమునకు ఒక అంకె నిచ్చి, ఆ అంకెగల ముద్రను బిళ్ళపై వేసెడివారు. అంకెను బట్టి ఊరు తెలియును. అందుచే అచటి సేకర్తలు నేటికిని బిళ్ళతోపాటు ముద్రనుగూడ శ్రద్ధగా చూతురు.

మన తెలంగాణమునకును ఇట్టి చరిత్ర కలదు. మొదటి సాలార్‌జంగు దివానుగా నుండగా, 1869లో, హైదరాబాదు సంస్థానము ఒక అణా బిళ్ళను వెలువరించినది. 1871 నాటి వరుసలో వెలను ఫారసీ, ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు లిపులలో ముద్రించిరి. దర్బారు వ్యవహారము ఫారసీలో నడచిన దినములవి. అట్టి కాలమున గోరంత కాగితముపై మన అక్షరములకు చోటు దొరకుట చిన్న సంగతి కాదు. ప్రజలు కొని వాడవలసిన వస్తువుపై ప్రజల భాష తప్పనిసరి యైనది.

1931లో చిత్రముల బిళ్ళలు వచ్చినవి. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల ద్వారము, బీదరు విద్యాలయము, దౌలతాబాదు స్తంభము వానిపై వెలసినవి. ఆ యేడే పూర్తియై ఇందూరు సీమను చెరకు పొలముల సీమగా మార్చిన నిజాంసాగరమునకు మాత్రము ఆ వరుసలో చోటు లేదు. 1937లో ఉస్మానియా విశ్వవిద్యాలయము, ఆసుపత్రి బిళ్ళల కెక్కినవి. బోధను చక్కెర కర్మాగారము నెలకొన్న కాలమును అదియే.

ఈ బిళ్ళలు సంస్థానపు ఎల్లలలోనే చెల్లెడివి. ఏర్గట్లనుండి హైదరాబాదునకు పోవు ఉత్తరమునకు నిజాము బిళ్ళ చాలును. బొంబాయికో మద్రాసునకో పోవలెనన్న బ్రిటిషు ఇండియా బిళ్ళ కావలెను. నాణెములును వేరు: హాలీ సిక్కా ఒకటి, కల్దారు మరియొకటి. 1950లో ఈ భేదములు తపాలాలో అంతరించి, భారతదేశపు బిళ్ళలే ఇచటను వాడుకలోనికి వచ్చినవి.

అటుపిమ్మట డెబ్బది యేండ్లకు పైగా గడచినవి. పాత ఇండ్లు పడగొట్టునపుడు, పెట్టెలు దులుపునపుడు ఆనాటి లకోటాలు బయటపడుచుండును. బిళ్ళను మాత్రము కత్తిరించి తక్కినది పారవేయుట పలువురి యలవాటు. మేము దీనినే వలదనుచున్నాము. విడిబిళ్ళలు సేకర్తలయొద్ద వేలకొలది కలవు. కాని మన పల్లె చిరునామాతో, తేదీతో, ముద్రతో నిలిచిన లకోటా మరియొకటి దొరకదు. ఇందూరు 1905లో నిజామాబాదయ్యెను. ముద్రలోని ఊరి పేరే అట్టి మార్పునకు సాక్ష్యము. ముద్రలు పెక్కు ఉర్దూలో నుండును గనుక, చదువగల పెద్దలున్నప్పుడే చదివించి వేరు కాగితముపై వ్రాసి యుంచుట మేలు.

బంక పూయక, నీట నానవేయక, తేమ తగులనిచోట లకోటాను లకోటాగానే దాచుడు. రాజుల చరిత్రను రాతి కట్టడములు చెప్పును. ఏ పల్లె ఏ పట్టణముతో మాటాడినదో చెప్పునది ఆ లకోటా యొక్కటియే.